అత్త అనని మాట

"చెప్పినావా?"

నిన్న సాయంత్రం నుంచి వినుత మొగుడితో మాట్లాడిన మొదటి మాట ఇది. అదీ అతనివైపు చూడకుండా, బాణలిలో చిత్రాన్నం కలుపుతూ అంది.

నాగరాజ్ చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి షర్టు గుండీలు పెట్టుకుంటున్నాడు. పెట్టిన గుండీనే తీసి మళ్ళీ పెడుతున్నాడు. చేతిలో మైకుంటే బాగేపల్లి తాలూకా అంతటికీ వినిపించేట్టు మాట్లాడే మనిషికి ఇంట్లో గొంతు పెగలడం లేదు.

బయటి గదిలో అతని అత్త మునిరత్నమ్మ చాప మీద కూర్చుని ఉంది. మిట్టేమరి నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది. ఒళ్ళో చెనక్కాయ ఉండల డబ్బా పెట్టుకుంది. అవి చిన్నకొడుకు అంబరీష్ కోసం. వాడు శిడ్లఘట్టలో పట్టునూలు తీసే యూనిట్‌లో పని చేస్తూ అక్కడే ఉంటున్నాడు. మూడు నెలలుగా ఇంటికి రాలేదు. అమ్మ చేస్తే ఫోనెత్తడం లేదు. రేపు పొద్దున సైన్యం భర్తీ ర్యాలీలో పరుగెత్తబోతున్నాడని ఊళ్ళోవాళ్ళు చెబితే ఆమెకు తెలిసింది.

"నువ్వు చెప్పకుంటే నేను చెప్తా బావా," అంది వినుత.

"మెల్లగా. అత్తకు వినిపిస్తాది."

"వినిపించాల్సిందే కదా. వినిపించకనే ఇంతదాకా వచ్చింది." గరిటె పక్కన పెట్టింది. "మా అమ్మ నీకు ఉత్త అత్త కాదు, మేనత్త. మిట్టేమరి స్కూల్లో చదివేటప్పుడు నాలుగేండ్లు నీకు ముద్ద చేసి పెట్టిన మనిషి. ఆమె అనని మాట ఆమె పేరు మీద చెప్పేదానికి నీకు మనసెట్లా వచ్చింది?"

"ఎన్నిసార్లు చెప్పాల వినూ. బెంగళూరులో న్యూస్ డెస్కు నుంచి..."

"డెస్కు, డెస్కు. ఆ డెస్కుకు మా అమ్మ ఎవురో తెలీదు. నీకు తెలుసు."

నాగరాజ్ నిన్న సాయంత్రం అంబరీష్ హాల్ టికెట్ ఫొటో ఫోన్లో చూసినప్పుడు మూడు నెలలు దాచిన సంగతి పెళ్ళాం ముందు కక్కేశాడు. చెప్పాక మనసు తేలికవుతుందనుకున్నాడు. ఇప్పుడు ఆ బరువు ఇద్దరిదీ అయింది, అంతే.

జరిగింది ఇది. వేసవిలో సరిహద్దు మీద యుద్ధం మొదలైన మూడో రోజు నాగరాజ్ తన ఛానెల్ కోసం సొంత అత్త ఇంటికే మైకు తీసుకుపోయాడు. ఆమె పెద్దకొడుకు మోహన్‌కుమార్ సైన్యంలో ఉన్నాడు. అప్పటికి వారం రోజులుగా వాడి దగ్గరి నుంచి ఫోను లేదు. మునిరత్నమ్మ మైకును చూడనైనా చూడలేదు. మేనల్లుడి మొహం చూసి ఏడ్చింది. ఏడుస్తూ, చిన్నోణ్ణి మాత్రం యాడికీ పంపను అంది.

అంది తెలుగులో. కర్ణాటకలో ఉన్నా ఆ పక్క ఇళ్ళల్లో మాట తెలుగే, ఛానెల్ మాత్రం కన్నడ ఛానెల్. ఇట్లాంటప్పుడు మాట్లాడినవాళ్ళ గొంతు తగ్గించి, దాని మీద నాగరాజే కన్నడంలో చెప్పి బెంగళూరుకు పంపుతాడు. ఈ తాలూకాలో సగం వార్తలు అట్లాగే పోతాయి, ఎవరూ తప్పు పట్టరు. ఆ రోజు టీవీలో మొదట "నా బిడ్డ" అని ఆమె గొంతు రెండు మాటలు వినిపించింది. తర్వాత అంతా నాగరాజ్ గొంతే. "ఒక కొడుకు సరిహద్దులో ఉన్నాడు. నా ఇంకో కొడుకును కూడా దేశానికి ఇస్తాను" అని.

"అసలు వీడియో యాడుండాది?" అని వినుత అడిగింది.

"లేదు."

"లేదంటే?"

"పంపించినంక ఆ రోజే తీసేసినా. ఫోను నిండిపోతాది కదా, రోజూ తీసేస్తాం."

వినుత పొయ్యి ఆర్పి అతనివైపు తిరిగింది. ఆ చూపు కన్నా తిడితే బాగుండుననిపించింది నాగరాజ్‌కు.

"అయితే ఇంగ నీ నోరొకటే సాక్ష్యం," అంది.

ఇంతలో అతని ఫోను మోగింది. బెంగళూరు డెస్కు నుంచి శ్రీనివాసమూర్తి. నాగరాజ్ పెరట్లోకి పోయి ఎత్తాడు. వినుత వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

శ్రీనివాసమూర్తి మంచి ఉత్సాహంలో ఉన్నాడు. కన్నడంలో గబగబా చెప్పాడు. ఆగస్టు పదిహేనుకు అరగంట ప్రోగ్రాం చేస్తున్నారు, పేరు 'మాట నిలబెట్టుకున్న తల్లి'. ఆ తల్లి చిన్నకొడుకు రేపు ర్యాలీకి పోతున్నాడట కదా. ఈ రోజే తల్లీ కొడుకులను ఒకచోట చేర్చి, ఆమె చేత్తో బొట్టు పెట్టించి పంపేది తీయాలి. ఈసారి ఆమెకు ఆ ఒక్క వాక్యం కన్నడంలో నేర్పించు, ఆమె నోటితోనే కావాలి అన్నాడు.

"సార్, ఆమెకు ఒంట్లో బాలేదు," అన్నాడు నాగరాజ్.

అట్లాగైతే ఇంకా మంచిది అన్నాడు శ్రీనివాసమూర్తి. ఒంట్లో బాలేకున్నా కొడుకును పంపిందని రాసుకోవచ్చట.

ఫోను పెట్టేసి నాగరాజ్ తిరిగి చూస్తే వినుత అక్కడ లేదు. బయటి గదిలో తల్లి ముందు చిత్రాన్నం ప్లేటు పెడుతూ ఉంది. ఏదో చెప్పబోయి ఆగింది.

"ఏమే, ఇద్దరూ కొట్లాడుకుంటాండారా?" అని మునిరత్నమ్మ అడిగింది.

"లేదమ్మా."

"పొద్దున్నే మొహాలు చూస్తే తెలీదా." ప్లేటు పక్కకు జరిపింది. "నాగా, నాకిదేం వద్దు నాయనా. నన్ను శిడ్లఘట్టకు పిలుచుకొని పో. వాడికి నా మీద ఏం కోపమో నాకు తెలీదు. నేను ఒక మాటన్నదీ లేదు, ఒక దెబ్బేసిందీ లేదు. వాని మొహం చూసి, యాల పోతాండావురా అని ఒక్క మాట అడగల్ల. నువ్వు చెప్తే వింటాడు. నువ్వంటే వానికి చిన్నప్పట్నుంచీ గురి."

వినుత మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"పిలుచుకొని పోతాడమ్మా," అంది. "దావలో నీకేదో చెప్పేది కూడా ఉండాదంట."

*

చేళూరు మీదుగా పోయే చింతామణి బస్సులో వాళ్ళకు పక్కపక్కన సీట్లు దొరికాయి. గంటన్నర ప్రయాణం. నాగరాజ్ చేళూరులో చెబుదామనుకున్నాడు. చేళూరు దాటాక వెనక సీట్లో ఎవరో తెలిసినవాళ్ళున్నారు అనుకున్నాడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మునిరత్నమ్మ కిటికీలోంచి చేలు చూస్తూ తనపాటికి తాను మాట్లాడుతోంది.

"మోహనుడు పోయిన వారం ఫోన్ చేసినాడు. బాగుండానమ్మా అన్నాడు. ఆ పదకొండు రోజులు వాని ఫోను లేకపోతే నేను టీవీ కూడా పెట్టలేదు నాగా. మొదటి రోజు పెడితే ఒకటే సైరను. ఏందో మన నెత్తి మీదనే పడతాండేట్లు. పక్కింటి కెంపమ్మ వాళ్ళింట్లో భయపడి లైట్లు కూడా ఆర్పేసినారు."

ఆ సైరను నాగరాజ్‌కు తెలుసు. అది బెంగళూరు స్టూడియోలో మోగించిన సైరను. మనకూ సరిహద్దుకూ మధ్య సగం దేశం ఉంది, అయినా మిట్టేమరిలో లైట్లు ఆరిపోయాయి. యుద్ధం సాగిన ఆ నాలుగు రోజులూ టీవీల్లో మన సైన్యం పట్టుకోని ఊళ్ళను పట్టుకుందని చదివారు, ఎక్కడివో పాత మంటలు చూపించారు. ఒక్క ఛానెలూ తర్వాత తప్పైందని అనలేదు. నాగరాజ్ అప్పుడు వాటిని చూసి నవ్వుకున్నాడు. తాను చేసిన పని మాత్రం వాటిలో కలవదని, అది కొంచెం మార్చడం మాత్రమేనని అనుకున్నాడు. ఆ ముక్క వైరల్ అయిన సాయంత్రం దాన్ని నాలుగుసార్లు చూసుకున్నాడు కూడా. తన గొంతు బాగా కుదిరిందనుకున్నాడు. ఆ సంగతి వినుతకు కూడా చెప్పలేదు.

"నేను చూడలేదు గానీ, నువ్వు టీవీలో చూపించినంక అందరూ వచ్చినారులే," అని మునిరత్నమ్మ కొనసాగించింది. "ఎంత బాగా చెప్పినావమ్మా అన్నారు. తాలూకా ఆఫీసోళ్ళు వచ్చి శాలువా కప్పినారు. నా బిడ్డ క్షేమంగా రావాలని ఏడిస్తే ఇంత మర్యాదా అనుకొన్నా. లోకంలో మంచోళ్ళు ఉండారులే అనుకొన్నా."

నాగరాజ్ ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

"కానీ ఒకటి నాగా. పాల సొసైటీ కాడ ఆడోళ్ళు నాతో సరిగ్గా మాట్లాడరు. మొగోళ్ళంతా దండాలు పెడతారు, ఆడోళ్ళు మాత్రం పక్కకు జరుగుతారు. కెంపమ్మ ఒకనాడు, నీది రాతి గుండె అక్కా అనింది. ఏడిస్తే రాతి గుండె అంటారా యాడన్నా?"

అప్పుడన్నా చెప్పవలసింది. నాగరాజ్ చెప్పలేదు. చింతామణి వచ్చేసింది.

బస్టాండులో దిగగానే ఎదురుగా ఫ్లెక్సీ. స్వాతంత్ర్య దినోత్సవానికి ప్రభుత్వ ప్రచార శాఖవాళ్ళు పోయిన వారం కట్టించింది. పెద్ద జెండా, ఒక మూల విమానాలు, నడుమ మునిరత్నమ్మ మొహం. కళ్ళ కింద తడి కనిపించకుండా ఎవరో సున్నితంగా తుడిచేశారు. ఆమె మొహం కింద పసుపురంగు కన్నడ అక్షరాలు.

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుగా నవ్వింది.

"నేనే కదా నాగా? కెంపమ్మ కొడుకు చెప్పినాడు, నీ ఫొటో కట్టినారని. ఇంత పెద్దది కడతారా." దగ్గరికి పోయి చూసింది. ఆమెకు చదువు రాదు. "కింద ఏమి రాసినారు, నా పేరా?"

"పేరు పైన ఉండాది అత్తా."

"మరి ఇది?"

"నన్న ఇన్నొబ్బ మగనన్నూ దేశక్కె కొడుత్తేనె," అని నాగరాజ్ కన్నడంలో చదివాడు. పాఠం అప్పజెప్పినట్టు చదివాడు.

మునిరత్నమ్మకు కన్నడం అర్థం కాకపోలేదు. సంతలో, బ్యాంకులో, ఆఫీసుల్లో ఆమె పని కన్నడంలోనే జరుగుతుంది. కానీ ఆ మాట తనదని ఆమెకు తట్టలేదు.

"ఎవురన్న మాట అది?"

నాగరాజ్ జేబులోని ఫోను తీసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"ఎవురో తల్లి అనిందా? పాపం. మరి నా బొమ్మ కింద యాల రాసినారు?"

"నువ్వే అన్నావని రాసినారు అత్తా."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. పక్కనే సిమెంటు బెంచీ ఉంటే దాని మీద కూర్చుంది.

"తెలుగులో చెప్పు," అంది.

"నీకర్థమయింది కదా అత్తా."

"తెలుగులో చెప్పు నాగా. నేనన్నానంటాండారు కదా. నేను మాట్లాడేది తెలుగే కదా. నేనెట్లా అన్నానో చెప్పు."

మూడు నెలల కింద ఆ వాక్యం అతను ఒక్క దమ్ములో కన్నడంలో చెప్పాడు. ఆఫీసు భాషలో చెప్పినప్పుడు అది ఆఫీసు పనిలాగే అనిపించింది. ఇప్పుడు ఆమె భాషలో, ఆమె మొహం చూస్తూ, ముద్ద పెట్టిన ఆ చేతులు చూస్తూ చెప్పాలి. రెండుసార్లు మొదలుపెట్టి ఆపాడు.

"నా... నా ఇంకో కొడుకును కూడా దేశానికి ఇస్తాను."

బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ లోపలికి వచ్చింది. జనం దాని వెంట పరుగెత్తారు.

"నేను అనలేదు," అంది.

"లేదు."

"నేను చిన్నోణ్ణి యాడికీ పంపనని అన్నాను."

"అవునత్తా."

"మరి ఎవురన్నారు?"

"నేను," అన్నాడు నాగరాజ్. "నేనే అన్నాను. ఏడిచే తల్లుల్ని చూపించొద్దని డెస్కు నుంచి చెప్పినారు. పై నుంచి వాళ్ళకు సూచన వచ్చిందంట, జనం ధైర్యం పోతాదని. గట్టిగా మాట్లాడే తల్లి పది నిమిషాల్లో కావాలన్నారు. నాకాడ నువ్వొకదానివే ఉంటివి. ఎవురికి తెలుస్తాదిలే అనుకొన్నా. యుద్ధం అయిపోతే అందరూ మరిచిపోతారనుకొన్నా."

ఆమె అతన్ని తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. ఫ్లెక్సీలోని మొహం వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

"అందుకేనా కెంపమ్మ అట్లా అనింది," అంది తనలో తాను.

కాసేపటికి, "అంబరీష్ అది చూసినాడా?" అని అడిగింది.

"అందరూ చూసినారు."

"చూసి, మా అమ్మ నన్ను ఇచ్చేసిందని అనుకొన్నాడు."

నాగరాజ్ అవునని తలూపాడు.

"అడగొచ్చు కదా వాడు నన్ను. అడిగింటే చెప్పింటాను కదా." కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. "నా బిడ్డ మూడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకొని తిరుగుతాంటే, నేను శాలువా మడిచి పెట్టెలో పెట్టుకొన్నా నాగా."

"ఇప్పుడు పోయి చెప్పేస్తా అత్తా. వానికి అంతా చెప్పేస్తా. రేపటి ర్యాలీకి పోడు."

"చెప్తే నీకేమయితాది?"

నాగరాజ్ దీని గురించి చాలాసార్లు ఆలోచించాడు. "ఉద్యోగం పోతాది. యుద్ధమప్పుడు అబద్ధం వార్త ఇచ్చినానని కేసు కూడా పెట్టొచ్చు. డెస్కు వాళ్ళు మాకేం తెలీదు, వాడే చేసినాడంటారు. వాళ్ళెవురికీ తెలుగు రాదు కదా."

"ఆ రోజుల్లో ఫోనులో ఏదో పెట్టినాడని ఒకణ్ణి పట్టుకొనిపోయినారంటిరి కదా. వాడు ఇంటికి వచ్చినాడా?"

"నెల తర్వాత వచ్చినాడు."

"మరి వినుత గతి?" అని మునిరత్నమ్మ అడిగింది.

ఆమె లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"పద. బస్సొచ్చింది," అంది.

*

శిడ్లఘట్టలో ఆ యూనిట్ ఉన్న వీధి మొదట్లోనే ఉడికించిన పట్టుగూళ్ళ వాసన తగులుతుంది. రోజూ ఈ పాటికి మిషన్ల చప్పుడు వినిపించాలి. ఆ రోజు వినిపించలేదు. లోపల పని ఆపేసి అందరూ గుంపుగా నిలబడ్డారు.

అంబరీష్‌కు వీడ్కోలు చెబుతున్నారు. మధ్యాహ్నం బస్సుకు వాడు బయల్దేరాలి. ఇరవై ఏళ్ళవాడు, తల పొట్టిగా కత్తిరించుకున్నాడు. మెడలో చేమంతి దండ. పన్నెండు మంది పనివాళ్ళు, సూపర్వైజర్ మునివెంకటప్ప. సగం మంది చేతుల్లో ఫోన్లు, తీస్తున్నారు.

మునివెంకటప్ప మునిరత్నమ్మను ముందు చూశాడు.

"అరె, తల్లే వచ్చింది," అని ఎదురొచ్చి ఆమె కాళ్ళకు వంగాడు. "టీవీలో చూసిన రోజే అనుకొన్నా అమ్మా, కంటే ఇట్లాంటి తల్లే కనల్ల అని. జరగండప్పా, దావ ఇడవండి."

ఫోన్లు ఆమెవైపు తిరిగాయి. మునిరత్నమ్మ ఎవరివైపూ చూడలేదు. కొడుకు దగ్గరికి పోయి వాడి చెంప తాకింది.

"చిక్కిపోయినావు," అంది.

"పరిగెత్తాల కదమ్మా," అన్నాడు అంబరీష్. మాట మర్యాదగానే ఉంది. కళ్ళు మాత్రం పక్కకు పోయాయి.

నాగరాజ్ వాడి భుజం పట్టుకున్నాడు. "అంబరీష్, ఒక్క నిమిషం బయటికి రా. నీతో మాట్లాడాల."

"ఇక్కడే చెప్పు బావా."

"ఇక్కడ వద్దు."

"నా గురించి చెప్పేవన్నీ నువ్వు టీవీలోనే చెప్తావు కదా. ఈ పన్నెండు మంది ముందర చెప్పేదానికేమి?" వాడు నవ్వాడు. "ఆ రోజు ఇక్కడే నిలబడి చూసినా. ఈ అన్న ఫోన్లోనే. ఇదో ఇక్కడే. ఇంకో కొడుకును కూడా ఇస్తానని మా అమ్మ అనింది. అందరూ చప్పట్లు కొట్టినారు. వాళ్ళు కొడతాంటే నేనూ కొట్టినా."

ఎవరో గర్వంగా "అవునవును" అన్నారు. వాళ్ళకు ఆ మాటలో గర్వమే వినిపించింది.

నాగరాజ్ ఇక ఆగలేకపోయాడు.

"అమ్మ ఆ మాట అనలేదు," అన్నాడు. "నేనన్నాను. ఆమె అన్నది వేరే. కన్నడంలో నేను మార్చి చెప్పినా."

అంబరీష్ మొహంలో ఏదో కదిలింది. ఒక్క క్షణం వాడు మిట్టేమరిలో బావ సైకిలు వెనకెక్కిన పిల్లవాడిలా కనిపించాడు. ఆ మొహం చూసి నాగరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ అది నిలవలేదు.

"ఇప్పుడు చెప్తాండావా బావా? రేపు ర్యాలీ పెట్టుకొని?" అన్నాడు వాడు. "అమ్మకు ఇప్పుడు భయమేసింది. నీతో ఇట్లా చెప్పిస్తాంది. నాకు తెలీదా."

"లేదురా. నిజంగా."

"అయితే ఆమె మాట్లాడింది చూపించు."

"లేదు. తీసేసినా."

అంబరీష్ తల అడ్డంగా ఊపాడు. అప్పటిదాకా వింటున్న మునివెంకటప్ప ముందుకొచ్చాడు. మొహంలో ఇందాకటి మర్యాద లేదు.

"ఏమప్పా రిపోర్టరూ, ఏమంటాండావు? టీవీలో వచ్చింది అబద్ధమా? మేమందరం వాట్సాప్‌లో పెట్టుకొన్నాం. ఇంగొకసారి చెప్పు, సరిగ్గా తీయనీ." పక్కవాడికి సైగ చేశాడు. "దగ్గరికి పోరా. మొహం కనపడాల."

మూడు ఫోన్లు నాగరాజ్ మొహం ముందుకొచ్చాయి. అవి ఎట్లా పని చేస్తాయో అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు అక్కడ లేరు. పది సెకన్ల ముక్క చాలు. సాయంత్రానికి శ్రీనివాసమూర్తి చూస్తాడు, రేపటికి పోలీసులు చూస్తారు. అయినా అతను నోరు తెరిచాడు. ఈసారి తెరిచాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

"అవును, ఆ రోజు నేను..."

"ఉండు నాగా," అంది మునిరత్నమ్మ.

ఆమె గట్టిగా అనలేదు. కానీ అందరూ ఆగారు. అంబరీష్ తల్లివైపు తిరిగాడు. మూడు నెలల తర్వాత ఇప్పుడే ఆమెను సూటిగా చూశాడు.

"అమ్మా, నువ్వే చెప్పు. ఎవురేమన్నా నేను నమ్మను. నువ్వు చెప్తే నమ్ముతా. ఆ మాట నువ్వన్నావా, అనలేదా?"

వాడు ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడో ఆ మొహంలో రాసి ఉంది. మునిరత్నమ్మకు చదువు రాకపోయినా అది చదవగలదు. అనలేదు అంటే చాలు, వాడు దండ తీసేసి ఆమెను పట్టుకుని ఏడుస్తాడు. ఆమె పెదవులు కదిలాయి.

తర్వాత ఆమె ఫోన్లు చూసింది. వాటి నడుమ బిగుసుకుపోయి నిలబడ్డ మేనల్లుణ్ణి చూసింది. కూతురి మొగుణ్ణి చూసింది.

"అన్నాను నాయనా," అంది. "నేనే అన్నాను. మీ బావకు నువ్వంటే ప్రాణం, నువ్వు పోతాండావని ఓర్చుకోలేక అట్లా చెప్తాండాడు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మునివెంకటప్ప కళ్ళు తుడుచుకుని నాగరాజ్ వీపు తట్టాడు. "అంతేనా అప్పా, మేమేందో అనుకొంటిమి," అన్నాడు.

అంబరీష్ చప్పట్లు కొట్టలేదు. వంగి తల్లి కాళ్ళు తాకాడు. లేచి, "సరేమ్మా. నీ నోటితో ఒకసారి వినల్లని ఉండె," అని బట్టల సంచి తెచ్చుకోవడానికి లోపలికి పోయాడు.

నాగరాజ్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"అత్తా, ఏం పని చేసినావు? ఇప్పుడే పిలిచి చెప్పేస్తా. ఫోన్లు తీస్తే తీసుకోనీ. నాకేమైనా కానీ."

"ఏం చెప్తావు?" మునిరత్నమ్మ చెయ్యి చల్లగా ఉంది. "ఇందాకటి దాకా అబద్ధం నీదొక్కడిది. ఇప్పుడు నాది కూడా. 'మా అమ్మ నా మొహం చూసి, అల్లుడి కోసం అబద్ధమాడింది' అని వానికి తెలిస్తే, 'నన్ను ఇచ్చేసింది' అనుకొనేదానికన్నా అది వానికి ఇంకా గట్టిగా తగులుతాది. ఇంగ నువ్వు నోరెత్తొద్దు నాగా."

"వాడు పోతాడత్తా."

"తెలుసు."

ఆమె గోడకు ఆనుకుని నిలబడి, కొడుకు పోయిన తలుపువైపు చూస్తూ ఉండిపోయింది. ఏడవడం లేదు. ఏడుస్తున్న తల్లిని చూపించొద్దని మూడు నెలల కింద ఎవరో చెప్పిన పనిని ఇప్పుడు ఆమె చేసి పెడుతోంది. నాగరాజ్ ఆ మొహం చూడలేక తల దించుకున్నాడు.

అంబరీష్ సంచితో బయటికి వచ్చాడు. మెడలో దండ తీసి మునివెంకటప్ప చేతికిచ్చాడు. మోటారు స్విచ్చు వేశారు, మిషన్లు ఒక్కొక్కటే తిరగసాగాయి.

"అమ్మను ఇక్కడే కూర్చోబెట్టు బావా, నడవలేదు," అన్నాడు. సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నువ్వు బస్టాండు దాకా వస్తావా? మనమిద్దరమే."

మునిరత్నమ్మ గోడ దగ్గర నుంచి మేనల్లుణ్ణి చూసింది. వద్దని తల ఊపలేదు. పొమ్మనీ అనలేదు.

నాగరాజ్ చెయ్యి చాచి ఆ సంచి అందుకున్నాడు.